అవ్వ ఇంకా ములాఖత్ లైన్లనే ఉన్నది

ఉద్యమంలో జైలుకు పోయినవాళ్ల గురించి మనం చాలా రాసుకున్నాం. ఎవరు ఎన్ని రోజులు లోపల ఉన్నారో లెక్కలు చెప్పుకున్నాం. విడుదలైన రోజు గేటు ముందు డప్పులు కొట్టించాం, దండలు వేశాం, జీపులెక్కించి ఊరేగించాం. ఆ ఫొటోలు కొందరి ఇళ్లలో ఇప్పటికీ గోడలకు వేలాడుతున్నాయి, కొందరికి ఎన్నికల పోస్టర్ల మీద పనికొచ్చాయి కూడా. అదే గేటు ముందు, లోపలున్నవాళ్లను ఒక్కసారి చూసుకునేందుకు పొద్దంతా నిలబడ్డవాళ్ల గురించి మాత్రం రాసింది తక్కువ. మేమూ రాయలేదు. పత్రికలో పనిచేస్తూ కూడా రాయలేదు. మొన్న సంక్రాంతి అయినంక మళ్లీ ఆ లైన్లో నిలబడాల్సి వచ్చింది. అందుకే ఇప్పుడు రాస్తున్నాం.

ముందు పాత ముచ్చట. 2009 నవంబర్ 29న కేసీఆర్‌ను కరీంనగర్ దగ్గర అరెస్టు చేసి ఖమ్మం జైలుకు పంపారు. ఆ తర్వాత పది రోజులు యూనివర్సిటీలు, కాలేజీలు ఎట్లా మండాయో చూసినవాళ్లకు చెప్పక్కర్లేదు. మేమప్పుడు డిగ్రీ ఆఖరి సంవత్సరం. రాస్తారోకోలో మా దోస్తు ఒకడిని పట్టుకుపోయి మర్నాడు రిమాండ్ చేశారు. ఏ జైలన్నది ఇక్కడ అక్కర్లేదు, అన్నీ కొద్దిగా అటూ ఇటూ ఒక్కతీరుగానే ఉండేవి. నలుగురం కలిసి ములాఖత్‌కు పోయాం. ములాఖత్ అంటే ఉర్దూలో కలుసుకోవడమని మాకు తెలుసు. కలుసుకోవడం ఇంత కష్టమని తెలియదు.

దరఖాస్తు మీద ఖైదీ పేరు, తండ్రి పేరు, కేసు, మన పేరు, ఊరు రాయాలి. ఆ కింద ‘ఖైదీతో సంబంధం’ అని ఒక గీత. దోస్తు అని రాస్తే పంపరని ముందు నిలబడ్డాయన చెప్పాడు. నలుగురమూ ‘తమ్ముడు’ అని రాశాం. గుమాస్తా నాలుగు కాగితాలూ చూసి, “నలుగురు అన్నదమ్ములకు నాలుగు ఇంటిపేర్లా?” అన్నాడు. కోపంగా ఏమీ అనలేదు. ఇద్దరిని పంపాడు, ఇద్దరిని ఆపాడు. ఆ రోజుల్లో ఖాకీ చొక్కాల లోపల కూడా తెలంగాణ మనుషులున్నారని మాకు అట్లా తెలిసింది.

పిలిచేదాకా రేకుల షెడ్డు కింద కూచోవాలి. వంద మందికి ఒక నల్లా. ఆడవాళ్లు పొద్దటి నుంచి నీళ్లు తాగకుండా కూచున్నారు, నీళ్లు తాగితే పోవడానికి జాగా లేదు గనుక. ఒకాయన గేటు దగ్గర నిలబడి పేర్లు చదువుతాడు. ఒక్కసారే చదువుతాడు. వినపడకపోతే ఆ రోజుకు అంతే సంగతులు. లోపలికి పోయాక రెండు జాలీలు, మధ్యన మూరెడు కంటే ఎక్కువ ఎడం. ఇటు ఇరవై మంది, అటు ఇరవై మంది, అందరూ ఒక్కసారే అరుస్తుంటారు. భూమి కాగితాలు ఎక్కడున్నాయని ఒకామె, వకీలు ఇంకా పైసలు అడుగుతున్నాడని ఇంకొకాయన, నాన్నా నాన్నా అని ఓ చిన్నపిల్ల. మా దోస్తు బయట ఎట్లుందని సైగ చేశాడు. పిడికిలి బిగించి చూపించాం. ఆ తర్వాత వాడేదో అడిగాడు, మూడుసార్లు అడిగితే గానీ అర్థం కాలేదు. “అమ్మకు చెప్పిన్రా?” చెప్పలేదు. చెప్పామని తలూపాం. విజిల్ పడింది. ఐదారు నిమిషాలు కూడా అయి ఉండదు.

ఆ షెడ్డు కిందనే ఒక అవ్వ కలిసింది. డెబ్భై ఏళ్లు ఉంటాయేమో. ఒళ్లో ఎర్ర బట్టసంచి, అందులో అరటిపండ్లు, ఒక సబ్బు. కొడుకు ఏదో దొంగతనం కేసులో ఉన్నాడు. జమానత్ వచ్చి రెండు నెలలైంది, కానీ షూరిటీ నిలబడేవాళ్లు దొరకలేదు.

“మీ పిల్లగాడు ఏం జేసిండు బిడ్డా?” అని అడిగింది.

“తెలంగాణ కోసం కొట్లాడిండు అవ్వా.”

“గట్లయితె జల్ది ఇడుస్తరు. మావోనికి ఎవలున్నరు?”

ఆ మాటలో ఎత్తిపొడుపు లేదు. ఎండాకాలం ఎండ కొడుతుందన్నంత మామూలుగా అన్నది.

ఆమె అన్నట్టే అయింది. డిసెంబర్ 9 రాత్రి చిదంబరం చదివిన ప్రకటనలో తెలంగాణ ఏర్పాటు ప్రక్రియ మొదలవుతుందన్న మాటతో పాటు, ఉద్యమంలో నాయకుల మీద, విద్యార్థుల మీద పెట్టిన కేసులు ఎత్తేయాలని ముఖ్యమంత్రిని కోరుతున్నామన్న మాట కూడా ఉంది. కేసులు ఎత్తేయడానికి ఆ తర్వాత ఎన్నేళ్లు తిరిగామో వేరే కథ. బెయిలు మాత్రం దొరికింది. కాగితాలు జైలుకు చేరేసరికి లాకప్ వేళ దాటిపోయింది, మర్నాడు పొద్దున విడిచారు. మేము మూడు జీపులు, రెండు జతల డప్పులు పెట్టుకుని పోయాం. జై తెలంగాణ అని గొంతు పోయేదాకా అరిచాం. వాడు బయటికి రాగానే భుజాల మీదికి ఎత్తుకున్నాం. అప్పుడు పక్కకు చూస్తే అవ్వ గోడకు ఆనుకుని నిలబడి ఉంది, సంచి గట్టిగా పట్టుకుని. ఆ తర్వాత గేటు దగ్గరాయనతో ఏదో బతిమాలుతోంది. ఏమైందని అడిగితే, మా డప్పుల చప్పుడులో ఆమె కొడుకు పేరు పిలిచింది వినపడలేదట. ఆ రోజుకు ములాఖత్ పోయింది. మేము ఆయనకు చెప్పి చూశాం. ఆయన వినలేదు. జీపులు కదులుతున్నాయి, మేమూ ఎక్కి వెళ్లిపోయాం.

ఇది చెప్పుకుంటే మమ్మల్ని మేము తిట్టుకోవడానికి చెప్పుకోవడం లేదు. మనం ఎక్కడ తప్పిపోయామో అక్కడే కనిపిస్తుందని చెప్తున్నాం. లోపల ఉన్నది మనవాళ్లయినప్పుడు మనకు జైలు గురించి అంతా తెలుసు, అంతా అడిగాం. మనవాళ్లు బయటికి రాగానే జైలు మన కంటికి కనిపించకుండా పోయింది.

దూరం సంగతే చూడండి. 1969 ఉద్యమంలో తెలంగాణ ప్రజాసమితి నాయకులను పట్టుకుని రాజమండ్రి జైలుకు తరలించారు. హైదరాబాద్ నుంచి 400 కిలోమీటర్ల పైమాట. చంచల్‌గూడలో జాగా లేకనా? ఇక్కడ పెడితే గేటు ముందు జనం కూడుతారని, ఇంటి మనుషులు వచ్చిపోతుంటే లోపలివాళ్లకు ధైర్యం నిలబడుతుందని సర్కారుకు తెలుసు. 2009లో కరీంనగర్ దగ్గర పట్టుకున్న మనిషిని ఖమ్మం తీసుకుపోవడం వెనకాల కూడా ఆ తెలివే ఉందని మేము అప్పుడు సభల్లో చెప్పాం, ఇప్పుడూ అదే అంటాం. 2018 నవంబర్‌లో వరవరరావును పుణె జైలుకు తీసుకుపోయారు, ఆ తర్వాత ముంబై దగ్గర తలోజాకు మార్చారు. ఎనభైకి దగ్గరపడ్డ మనిషిని చూడటానికి ఆ ఇంటివాళ్లు హైదరాబాద్ నుంచి రైళ్లెక్కి పోవాల్సి వచ్చింది. 2021 ఫిబ్రవరిలో బొంబాయి హైకోర్టు ఆరోగ్యం చూసి బెయిలిచ్చేదాకా ఇదే తండ్లాట. ప్రొఫెసర్ సాయిబాబా నాగపూర్ జైల్లో ఉండగా 2020 ఆగస్టు 1న తల్లి హైదరాబాద్‌లో చనిపోయింది. బతికుండగా చూసుకుంటానంటే పెరోల్ ఇవ్వలేదు. 2024 మార్చిలో హైకోర్టు ఆయన నిర్దోషి అన్నది. అదే ఏడు అక్టోబర్‌లో ఆయన కూడా పోయాడు. ఆ తల్లికి జరిగింది ఏ తీర్పులో రాసిన శిక్ష?

రాబెన్ ద్వీపంలో మొదటి ఏళ్లలో నెల్సన్ మండేలాకు ఆరు నెలలకు ఒక్క ములాఖత్, ఒక్క ఉత్తరం. 1968లో తల్లి చనిపోతే మట్టి చేయడానికి పోనివ్వలేదు. అందుకే కావచ్చు, ఐక్యరాజ్యసమితి 2015లో ఒప్పుకున్న ఖైదీల నియమాలకు ఆయన పేరే పెట్టారు. అందులో 59వ నియమం, వీలైనంత వరకు ఖైదీని సొంతింటికి దగ్గరి జైల్లోనే పెట్టాలంటుంది.

మరి మన రాష్ట్రం మనకు వచ్చాక మనం చేసిందేమిటి? 2021 జూన్‌లో వరంగల్ కేంద్ర కారాగారాన్ని ఖాళీ చేయించి కూలగొట్టారు. 1886 నాటి జైలు. ఆ జాగాలో పెద్దాసుపత్రి కడతామన్నారు. ఆసుపత్రి కావాలి, వద్దన్నవాళ్లెవరూ లేరు. ముషీరాబాద్‌లోనూ అదే జరిగింది. 1975 డిసెంబర్ 1న భూమయ్య, కిష్టాగౌడ్‌లను ఉరితీసిన జైలు అది, ఇప్పుడు ఆ జాగాలో గాంధీ ఆసుపత్రి ఉంది. జైలు పోయి ఆసుపత్రి వస్తే సంతోషమే. కానీ వరంగల్‌లో ఉన్న ఖైదీలను వ్యాన్లెక్కించి వేరే వేరే జైళ్లకు పంచిపెట్టినప్పుడు, వాళ్ల కోసం ములుగు నుంచి, భూపాలపల్లి నుంచి, మానుకోట తండాల నుంచి వచ్చిపోయే మనుషుల గతేమిటని ఒక్కరు అడిగారా? పత్రికల్లో రాళ్ల గోడలు కూలుతున్న ఫొటోలు వచ్చాయి, జైలు చరిత్ర మీద వ్యాసాలు వచ్చాయి. ములాఖత్‌కు వచ్చేవాళ్ల గురించి మా కంట అక్షరం పడలేదు. మేమూ రాయలేదని మొదట్లోనే చెప్పాం.

ఖైదీలు తగ్గారని అంతకు ముందే కొన్ని సబ్‌జైళ్లకు తాళాలు వేశారు. ఖైదీలు తగ్గడం మంచి ముచ్చటే. కానీ తాలూకా కేంద్రంలో ఉన్న సబ్‌జైలు అంటే కైకిలి చేసుకునే మనిషి సగం పూట పని మానుకుని పోయి చూసి వచ్చే జైలు. అది మూతపడితే ఆ సగం పూట పూర్తి దినమవుతుంది, ఆ దినం కూలి పోతుంది, పైన తొవ్వ ఖర్చు. ఇదే కాలంలో, 2016లో, సంగారెడ్డి పాత జైలును మ్యూజియం చేసి 500 రూపాయలు కడితే ఒక దినం ఖైదీలాగా ఉండొచ్చన్నారు. సరదా పడి పోయి వచ్చినవాళ్లను మేమేమీ అనం. అదే 500 కూడబెట్టలేక నెల తప్పించి నెల ములాఖత్‌కు పోయే తల్లులున్న రాష్ట్రమని మాత్రం గుర్తు చేస్తున్నాం.

ఇక్కడ మామూలుగా ఒక మాట అడుగుతారు. నేరాలు చేసినోళ్లకు ఇన్ని మర్యాదలెందుకని. కేంద్రం లెక్కలే చూద్దాం. 2022 ఆఖరుకు దేశంలోని జైళ్లలో 5,73,220 మంది ఉన్నారు. వాళ్లలో 4,34,302 మంది ఇంకా విచారణలోనే ఉన్నవాళ్లు. ప్రతి నలుగురిలో ముగ్గురి మీద నేరం రుజువే కాలేదు. చాలామంది లోపలున్నది నేరం పెద్దదై కాదు, అవ్వ కొడుకు లాగా షూరిటీ దొరక్క. 2023లో కేంద్రం పేద ఖైదీల కోసం ఒక పథకం తెచ్చింది, బెయిలు పూచీకత్తుకు 40,000 రూపాయల దాకా సర్కారే కడుతుందని అప్పుడు చెప్పింది. ఇట్లాంటిది ఒకటుందని జైలు గేటు ముందు నిలబడ్డ ఎంతమందికి ఎవరు చెప్పారు? సరే, రుజువైనవాళ్లే అనుకుందాం. తీర్పు కొడుకు మీద. తల్లి పేరు ఏ ఎఫ్ఐఆర్‌లో ఉంది?

ఇది దయ కూడా కాదు, హక్కు. 1981లో సుప్రీంకోర్టు ముందుకు ఫ్రాన్సిస్ కోరలీ ముల్లిన్ అనే బ్రిటిష్ మహిళ కేసు వచ్చింది. స్మగ్లింగ్ నిరోధక చట్టం కింద విచారణ లేకుండా ఢిల్లీలో నిర్బంధించారు. చిన్న కూతురిని, చెల్లెను నెలకు ఒక్కసారే చూడనిస్తామన్నారు. జస్టిస్ భగవతి ఆ నిబంధనను కొట్టేశాడు. బతికే హక్కంటే ఊపిరి తీసుకోవడమొక్కటే కాదని, తనవాళ్లను కలుసుకోవడం కూడా అందులోనిదేనని, అట్లాంటి నిర్బంధితులకు వారానికి కనీసం రెండు ములాఖత్‌లు ఉండాలని చెప్పాడు. విచారణ లేకుండా పట్టుకున్న మనిషికే అంత హక్కుంటే మిగతావాళ్లకు లేకుండా ఎట్లా పోతుంది? హక్కుంది. కాగితం మీద వారానికి ఎన్నిసార్లని రాసుకున్నా ఫరక్ ఏముంది, తొవ్వ ఖర్చులకు నెలకు ఒకటి కూడా కష్టమైతే?

బయటివాళ్లకు తెలియని ఇంకో సంగతి. మునుపు వాయిదా రోజు కోర్టు ఆవరణ కూడా ఒక ములాఖత్ జాగానే. ఖైదీని ఎస్కార్టుతో తెచ్చేవాళ్లు. ఇంటివాళ్లు పొద్దున్నే వచ్చి వేపచెట్టు కింద కూచునేవాళ్లు. కానిస్టేబుల్‌ను బతిమాలుకుని కొడుక్కు చాయ్ తాగించడం, చంటిపిల్లను తండ్రి చేతికి ఒక్క నిమిషం అందించడం అక్కడే జరిగేది. జాలీ అడ్డం లేని ములాఖత్ అదొక్కటే. వీడియో లింకు వచ్చాక చాలా వాయిదాలకు మనిషిని తేవడం తగ్గింది, టీవీలో చూపిస్తున్నారు. ఎస్కార్టు ఖర్చు మిగిలిందని సర్కారు సంతోషం, జడ్జీకి వేళ కలిసొచ్చింది. చెట్టు కింద కూచునేవాళ్లకు పోయిందేమిటో ఏ లెక్కలోనూ రాదు. 2020లో కరోనా వచ్చి నెలల తరబడి అసలు ములాఖత్‌లే ఆగిపోయాయి. ఫోన్లు, వీడియో కాల్స్ పెట్టారు, మంచిదే. అయితే ముఖాముఖి ఉండాల్సిన చోటును ఫోను ఆక్రమించకూడదు.

మొన్నటి సంగతికి వస్తాం. మా ఊరు ములుగు దిక్కు. వరుసకు పెద్దమ్మ అయ్యే ఆమె కొడుక్కు యావజ్జీవం పడింది. ఏం చేశాడో ఊరందరికీ తెలుసు, మేము దాన్ని వెనకేసుకు రావడం లేదు. వరంగల్ జైల్లో ఉన్నన్ని రోజులు ఆమె పొద్దున సద్ది కట్టుకుని బస్సెక్కి, చూసి, పొద్దూకేసరికి ఇల్లు చేరేది. 2021లో అతన్ని హైదరాబాద్ వైపు మార్చారు. ఇప్పుడు పోను 200 కిలోమీటర్లు, రాను 200. “వరంగల్ల ఉన్నప్పుడు నా కొడుకు జైల్ల ఉన్నడు. గిప్పుడు దేశాల మీద పడ్డట్టే” అంటుంది. 2023 డిసెంబర్ నుంచి ఆడవాళ్లకు బస్సు ఉచితమయ్యాకే మళ్లీ నెలనెలా పోగలుగుతోంది. సర్కారు ఎవరి కోసం ఆ పథకం పెట్టిందో గానీ, జైలు తల్లులకు అంత మేలు చేసింది ఇంకోటి లేదు.

ఈసారి తోడు రమ్మంటే పోయాం. ములాఖత్ ఇప్పుడు కంప్యూటర్లో ముందే బుక్ చేసుకోవచ్చు. ఆమెది మీటల ఫోను. నెట్ సెంటర్ పిల్లగాడు ఆధార్ నంబరు కొట్టి, మా ఫోనుకు వచ్చిన ఓటీపీ అడిగి, చీటీ తీసి ఇచ్చాడు. అందులోనూ అదే గడి, ఖైదీతో సంబంధం. పెద్దమ్మ చెప్పకముందే పిల్లగాడు ‘తల్లి’ అని కొట్టాడు. ముఖం చూస్తే తెలిసిపోతుందేమో.

మార్పు లేదంటే అబద్ధమవుతుంది. కూచోవడానికి బల్లలున్నాయి, ఫ్యాన్లున్నాయి, ఆడవాళ్లకు బాత్రూములున్నాయి. జాలీల చోట అద్దం, ఇటొక ఫోను, అటొక ఫోను. అరవాల్సిన పనిలేదు. పెద్దమ్మ ఫోను చెవికి పెట్టుకుని చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. కొడుకు అటు నుంచి “తిన్నవా అమ్మా” అని అడిగాడు. మూడున్నరకు లేచి బయల్దేరిన మనిషి పదకొండింటికి అవతలి గాజు మీద చెయ్యి పెట్టి తిన్నా అని చెప్పింది. తినలేదు. ఆ మాటలు, ఈ మాటలు, గేదె ఈనింది, చిన్నోడి బిడ్డకు ఫీజు కట్టాలి, అంతలోనే టైం అయిపోయిందన్నారు. పదహారు నిమిషాలు, మేము గడియారం చూశాం. దానికోసం 400 కిలోమీటర్లు.

మేము అడిగేవి పెద్ద కోరికలేమీ కావు. వరంగల్ నుంచి చెదిరిపోయిన శిక్షా ఖైదీలను వీలైనంత దగ్గరికి మార్చే పని ఒకరు కూచుని పేరుపేరునా చూడాలి. రెండు వందల కిలోమీటర్ల నుంచి వచ్చినవాళ్లకు, పక్క బస్తీ నుంచి వచ్చినవాళ్లకు ఒకే పదిహేను నిమిషాలేంది? దూరం చూసి వేళ ఇవ్వాలి. కూలి పోగొట్టుకునే పని లేకుండా నెలలో ఒక్క ఆదివారమన్నా ములాఖత్ పెట్టాలి. షూరిటీ పథకం గురించి గేటు దగ్గర తెలుగులో, ఉర్దూలో పెద్ద అక్షరాలతో బోర్డు రాయించాలి, చదువురానివాళ్లకు చెప్పే మనిషిని కూచోబెట్టాలి. జైళ్లను చూసివచ్చే అనధికార సందర్శకుల ఏర్పాటు మాన్యువల్‌లో ఎప్పటి నుంచో ఉంది. వాళ్లు లోపలి వంటశాల చూసి సంతకం పెట్టి రాకుండా, ములాఖత్ షెడ్డులో కూడా ఒక పూట కూచోవాలి. ఉద్యమంలో జైలుకు పోయివచ్చి ఇవాళ అసెంబ్లీలో ఏదో ఒక పక్షాన కూచున్న అన్నలు, అక్కలు ఉన్నారు. పార్టీ ఏదైనా సరే, వాళ్లకు ఇది విడమర్చి చెప్పాల్సిన పని లేదు. వాళ్ల అమ్మలు కూడా ఆ షెడ్డు కింద కూచున్నవాళ్లే. ఒక్కరు లేచి అడగాలి.

తిరుగు బస్సులో పెద్దమ్మ సంచి విప్పింది. అడుగున స్టీలు డబ్బా, నిండా సకినాలు. ఇంటి తిండి లోపలికి పోదని గేటు దగ్గర తిరిగి ఇచ్చేశారు. ప్రతి ఏడూ ఇస్తారట తిరిగి. ప్రతి ఏడూ చేసుకుపోతుందట. “వాని వంతు వానికి చెయ్యకుంట ఎట్లుంటది” అని, మాకు రెండు, కండక్టర్‌కు రెండు, ముందు సీట్లో తల్లి ఒళ్లో ఏడుస్తున్న పిల్లకు ఒకటి ఇచ్చింది. మిగతావి మళ్లా డబ్బాలో పెట్టి మూత బిగించి, వచ్చే నెల చీటీ ఎన్నడు తియ్యాలని అడిగింది.